మూడు పేర్ల మనిషి, ఒక పీఎఫ్ ఖాతా

పీఎఫ్ ఖాతాలో పేరును ఆన్‌లైన్‌లో సరిచేసుకోవాలంటే ముందు ఆ ఖాతాకి ఆధార్ లింక్ అయి ఉండాలి. ఆధార్ లింక్ అవ్వాలంటే రెండు చోట్లా పేరు ఒకేలా ఉండాలి. ఒకేలా ఉంటే ఇంక సరిచేసేదేముంది అని మీరు అడగొచ్చు. నెట్ సెంటర్ కుర్రాడిని నేనూ అదే అడిగాను. "అదేనక్కా మరి" అన్నాడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని సామెత. నా విషయంలో చిక్కు మొదలైందే పెళ్లితో కాబట్టి ఆ సామెత నాకు ఇంకాస్త బాగా అతుకుతుంది.

2013లో డిగ్రీ అయిన వెంటనే పరవాడ ఫార్మాసిటీలో ఒక మందుల కంపెనీలో చేరాను. క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట పని. గాజువాకలో కంపెనీ బస్సెక్కడం, పొద్దస్తమానం పరీక్ష మెషీన్ల ముందు కూర్చోవడం, సాయంత్రం సాల్వెంట్ల వాసనతో ఇంటికి రావడం. 2015లో పెళ్లయింది. 2018లో మా బాబు కడుపులో ఉన్నప్పుడు ఆ వాసనలు పడకపోవడంతో మానేశాను. అన్నేళ్లు జీతంలోంచి కోసిన పీఎఫ్ అలాగే ఉండిపోయింది.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఉద్యోగంలో ఉండగా మాకెవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. బేసిక్, డీఏ మీద 12 శాతం మన జీతంలోంచి కోస్తారు. కంపెనీ కూడా 12 శాతం కడుతుంది. కాకపోతే కంపెనీ కట్టేదాంట్లో 8.33 శాతం పెన్షన్ ఫండ్‌కి పోతుంది, మిగతా 3.67 శాతమే మన పీఎఫ్‌లో పడుతుంది. పెన్షన్‌కి మామూలుగా 15 వేల జీతం వరకే లెక్క, అంటే నెలకి 1,250 రూపాయలు. "కంపెనీ కూడా సమానంగా కట్టింది కదా, మరి పాస్‌బుక్‌లో తక్కువ ఉందేంటి" అని కంగారుపడేవాళ్లు చాలామంది. మిగతాది పెన్షన్ కాలమ్‌లో ఉంటుంది.

మానేసినప్పుడే ఎందుకు తీసుకోలేదంటే, చంటిబిడ్డతో ఎవరు తిరుగుతారు? పైగా డబ్బు ఎక్కడికీ పోదు, 58 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. బ్యాంకులో వేసుకున్నదానికంటే నయమే. అలా ఏళ్లు గడిచాయి. 2025 మొదట్లో ఇంటి మీద ఒక గది కట్టాలనుకున్నాం. వానలు పడేలోపు స్లాబు వేసేయాలి. అప్పుడు గుర్తొచ్చింది ఈ డబ్బు.

ఇక పేర్ల సంగతి. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆ తర్వాత నా పేరు. ఆధార్‌లో, ప్యాన్‌లో అత్తింటి ఇంటిపేరు. పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే. పైగా నా పేరులో ఉన్న లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్ పెట్టి రాశారు. మిగతా అన్నిచోట్లా కేఎస్‌హెచ్. చేరిన రోజు నేను నింపిన ఫారంలో ఇంటిపేరు పూర్తిగా, కేఎస్‌హెచ్‌తోనే రాశాను. దాని జిరాక్స్ మా నాన్న ఫైల్లో పెట్టి దాచారు. మా నాన్న కరెంటు బిల్లులు కూడా పారేయరు, ఆ అలవాటుని మేం ఎంత ఎగతాళి చేశామో. టైప్ చేసినాయనకి గడి చాలలేదో, ఓపిక చాలలేదో గానీ, ఫారంలో ఒకటుంది, కంప్యూటర్‌లోకి ఇంకొకటి వెళ్లింది.

ఈ తంటా తెలుగు ఇళ్లలో ఏదో ఒక రూపంలో అందరికీ ఉన్నదే. మన ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందిమి దాన్ని ఒక అక్షరంతో సరిపెట్టేస్తాం. ప్యాన్ ఫారంలో లాస్ట్ నేమ్ దగ్గర ఉత్త ఇనీషియల్ రాస్తే ఒప్పుకోరు. ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని గడులు గీసినవాళ్లు మన పేర్లు చూసి గీయలేదు. అందుకే ఒక్కో ఆపరేటర్ తనకు తోచినట్టు ఇరికిస్తాడు. ఆడవాళ్లకి దీని మీద పెళ్లి ఇంకో పొర. రైస్ కార్డులో చేర్చాలంటే ఇంటిపేరు మార్చుకోమ్మా అంటారు, హోమ్‌లోన్‌లో పేరు కలపాలంటే మార్చుకోమంటారు. మారుస్తాం. మార్చాక వెనకటి కాగితాల్లో ఉన్న మనిషి వేరే మనిషైపోతుంది.

కూర్మన్నపాలెంలో మేం ఎప్పుడూ వెళ్లే నెట్ సెంటర్ కుర్రాడు తెలివైనవాడు. ఒక దారి చెప్పాడు: "ఆధార్‌లో పాత పేరు పెట్టించేద్దాం అక్కా. క్లెయిమ్ అయ్యాక మళ్లీ ఇప్పటి పేరు పెట్టించుకుందురు." ఆధార్‌లో పేరు మామూలుగా జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పెళ్లయ్యాక నేను ఒకసారి వాడేశాను. ఇప్పుడు వెనక్కి వెళితే రెండోది కూడా అయిపోతుంది, ఇంక ముందుకి రావడం కష్టం. 2023 జూన్‌లో ఆఖరి తేదీ లోపు వెయ్యి రూపాయలు కట్టి మరీ ప్యాన్‌ని ఆధార్‌తో కలిపాను. అక్కడా మళ్లీ పేర్లు కలవవు. బ్యాంకు, బాబు స్కూలు అన్నీ మళ్లీ మొదటికి. కంపెనీ గుమస్తా ఒక అక్షరం మింగేస్తే నేను నా బతుకంతా తిరగరాసుకోవాలా? వద్దన్నాను. పీఎఫ్‌లో ఉన్నదే మారాలి.

2025 జనవరిలోనే పీఎఫ్ రూల్స్ సులువు చేశారని పేపర్లో వచ్చింది. మా ఆయన చదివి, "చూడు, కంపెనీ సంతకం కూడా అక్కర్లేదంట" అన్నారు. పూర్తిగా చదివితే అందులో మూడు మెట్లున్నాయి. 2017 అక్టోబర్ 1 నుంచి యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యులకి ఇచ్చే నంబరు, వచ్చినవాళ్లు పేరు, పుట్టిన తేదీలాంటివి తామే దిద్దుకోవచ్చు, కాగితాలు అక్కర్లేదు. అంతకుముందు వచ్చినవాళ్లవి కంపెనీ దిద్దవచ్చు, పీఎఫ్ ఆఫీసు ఆమోదం అక్కర్లేదు. అసలు ఆధార్ లింకే కాని యూఏఎన్ అయితే మాత్రం కాగితం మీద అర్జీ రాసి కంపెనీకి ఇవ్వాలి, వాళ్లు సరిచూసి ఆఫీసుకి పంపాలి అని అప్పటి రూలు. నా యూఏఎన్ 2014లో ఆ నంబర్లు మొదలైనప్పుడు వచ్చింది. ఆధార్ లింక్ కాలేదు. 2021లో ఆధార్ లింక్ లేని యూఏఎన్‌కి కంపెనీలు డబ్బు కట్టడం కుదరదన్నారు, అప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లవి ఎలాగోలా లింక్ చేయించారు. అప్పటికి నేను ఇంట్లో ఉన్నాను. అలా శుభవార్తలో నా వాటాకి ఆఖరి వాక్యం వచ్చింది.

ఒకటి గమనించండి. పేర్లు సరిగ్గా ఉన్నవాళ్లకి పని మరింత సులువైంది. తప్పున్నవాళ్లకి, అంటే నిజంగా ఆ సులువు అవసరమైనవాళ్లకి, పాత దారే మిగిలింది. ఆ దారి తాళం ఎవరి చేతిలో ఉంది? తప్పు టైప్ చేసిన కంపెనీ చేతిలో.

కంపెనీకి వెళ్లాను. పరవాడ ఇప్పుడు విశాఖ జిల్లా కాదు, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. నా రిలీవింగ్ లెటర్ మీద ఉన్న చిరునామాలో జిల్లా పేరు కూడా పాతదైపోయింది. ఊళ్లే పేర్లు మార్చుకుంటుంటే నాదేముందిలే అనుకున్నాను. గేటు దగ్గర బోర్డు మారింది. సెక్యూరిటీ పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే, "ఏటి కావాలమ్మా?" అన్నాడు. చెప్పాను.

"ఆ కంపెనీ అమ్మీసారు కదమ్మా. ఇప్పుడు వేరేవోళ్లది."

"హెచ్ఆర్‌లో ఎవరైనా ఉంటే..."

"అందరూ అయిదరాబాదే. ఇక్కడ ఎవుల్లేరు. ఈ కాయితం మీద నంబరుంది, ఫోను సెయ్యి."

ఆ పెద్దాయన మంచివాడు, నీళ్లిచ్చాడు. మార్చి నెల ఎండ, పైగా పరవాడ గాలి. కాగితం మీద ఉన్నది టోల్ ఫ్రీ నంబరు. తెలుగుకి రెండు నొక్కాక కూడా ఇంగ్లీషులో మాట్లాడి, "ఎంప్లాయీ ఐడీ నమోదు చేయండి" అంది. పాత ఐడీ కొట్టాను. చెల్లదంది. మాజీ ఉద్యోగులకి వేరే పోర్టల్ ఉందని మెయిల్‌లో చెప్పారు. అందులో పేరు నమోదు చేసుకుంటే ఓటీపీ వస్తుంది. ఎక్కడికి? 2013లో నేను ఇచ్చిన ఫోన్ నంబరుకి.

ఆ నంబరు నా దగ్గర లేక ఏళ్లయింది. వాడకుండా ఆగిపోయిన నంబరుని కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా ఆయన "ఓసారి చేసి చూద్దాం" అని ఆ నంబరుకి ఫోన్ చేశారు. ఎవరో ఎత్తారు. వెనకాల బస్సు హారన్లు. శ్రీకాకుళం వైపు మనిషి. విషయమంతా చెప్పి, "ఇప్పుడు మీకొక ఓటీపీ వస్తుందండీ, అది కాస్త..." అని నేను అనబోతుంటే ఆయన ఆపేశాడు.

"ఓటీపీ ఎవులికీ సెప్పొద్దని బేంకోళ్లు సెప్పేరు కదమ్మా. మీరే మరి అడుగుతారేటి?"

ఏమంటాం. ఆయన చెప్పింది అక్షరాలా కరెక్టు. ఆయన స్థానంలో నేనున్నా చెప్పను. ఆయనకి థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఈ మొత్తం వ్యవహారంలో రూలు రూలుగా పాటించి, నాకు కోపం తెప్పించని ఒకే ఒక్క మనిషి ఆయన.

పోర్టల్‌లో నంబరు మార్చుకోవాలంటే లాగిన్ అవ్వాలి. లాగిన్ అవ్వాలంటే పాత నంబరుకి ఓటీపీ. మూలన ఒక బొమ్మ నవ్వుతూ "మీకు ఎలా సహాయపడగలను?" అంటుంది. 'పీఎఫ్' అని టైప్ చేస్తే పీఎఫ్ అంటే ఏమిటో నాలుగు పేరాలు చెప్పింది. 'పేరు తప్పు' అంటే "మీ మేనేజర్‌ని సంప్రదించండి" అంది. మా మేనేజర్ గారు గుజరాత్‌లో ఇంకో కంపెనీలో ఉన్నారు. మెయిల్ పెడితే టికెట్ నంబరు వస్తుంది, కొన్నాళ్లకి "మీ సమస్య పరిష్కారమైంది" అని అదే టికెట్ మూసేస్తారు. ఏం పరిష్కారమైందో టికెట్ తెరిచి చూద్దామంటే లాగిన్ కావాలి.

పని కదిలింది మాత్రం మనుషుల ద్వారానే. నాతో ల్యాబ్‌లో పనిచేసిన ఒకమ్మాయి ఇప్పుడు అచ్యుతాపురంలో ఉంది. వాళ్ల హెచ్ఆర్ ద్వారా తెలిసిందేమంటే, కొత్త యాజమాన్యం జీతాలు, పీఎఫ్ పనులన్నీ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి అప్పగించింది. అక్కడ పనిచేసే ఒకమ్మాయి నంబరు దొరికింది. ఫోనెత్తిన మొదటి మాటలోనే విజయనగరం యాస వినిపించి ప్రాణం లేచొచ్చింది. యాస కలిసినంత మాత్రాన ఫైలు దొరకదు గానీ, కసురుకోకుండా మాట్లాడింది.

"మేడమ్, మీ బ్యాచ్ ఫైళ్లు చేతులు మారినప్పుడు మాకు రాలేదు. మీరే ఆ ఉద్యోగి అని మేం ఎలా నమ్మాలి? రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు." ఆమె అడిగినవి ఇవీ: చేరినప్పటి ఫారం కాపీ, రిలీవింగ్ లెటర్, టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్. నాన్న ఫైల్ పుణ్యమా అని మొదటి నాలుగూ ఉన్నాయి. పెళ్లి సర్టిఫికెట్ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టంతోనే పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. అయినా మా వైపు పెళ్లంటే మండపం, భోజనాలు, ఆల్బమ్. రిజిస్ట్రారు ఆఫీసుకి వీసా కావాల్సినవాళ్లే వెళ్తారు. పెళ్లయిన పదేళ్లకి, శుభలేఖ, ఫొటోలు, వయసు రుజువులు పట్టుకుని, సాక్షులుగా మా మేనత్తనీ మా ఆయన పెదనాన్న గారినీ వెంటబెట్టుకుని బయల్దేరాం. పట్టుచీర ఎందుకత్తా అంటే, "పెళ్లి సంతకానికి నైటీతో రమ్మంటావా" అంది. మా వాడు ఆ రోజు స్కూలు ఎగ్గొట్టి వచ్చి, అక్కడ కూర్చున్నవాళ్లందరికీ "మా అమ్మానాన్నలకి ఇవాళ పెళ్లి" అని చెప్పాడు.

అక్కడా పేరు గొడవ వచ్చింది. శుభలేఖలో నా పేరు ముందు 'చి.ల.సౌ.' ఉంది, ఇంటిపేరు లేదు. శుభలేఖల్లో ఎవరు వేస్తారు? గుమస్తా గారు కళ్లజోడు తీసి, "ఈ అమ్మాయి మీరేనని ఎలా?" అన్నారు. కిందనే మా నాన్న పేరు ఇంటిపేరుతో సహా ఉంది, టెన్త్ సర్టిఫికెట్‌లోనూ తండ్రి పేరు అదే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఆల్బమ్‌లో నన్ను చూసి, నా ముఖం చూసి, సరే అన్నారు. మనిషి ముఖం చూసి నమ్మిన ఆఫీసు అదొక్కటే. నమ్మే వీలు ఆ కుర్చీకి ఉంది. కన్సల్టెన్సీ అమ్మాయికి లేదు, పోర్టల్‌కి అసలే లేదు.

అఫిడవిట్ పెద్ద పని కాదు. కోర్టు దగ్గర టైపు చేసే ఆయన దగ్గర నమూనా రెడీగా ఉంటుంది, పేర్లు మారుస్తాడంతే. 'వన్ అండ్ సేమ్' అనగానే తీస్తాడు. రోజూ జనం దానికోసమే వస్తారట. "ఇంటిపేర్లు, ఇనీషియళ్లేనమ్మా మా బతుకుతెరువు" అన్నాడు నవ్వుతూ. మూడు పేర్లు రాసి, ఇవన్నీ ఒకరివే, ఆ ఒకరు నేనే అని ప్రమాణం చేసి సంతకం పెట్టాను. ఏ పేరుతో సంతకం పెట్టాలో అడిగితే ఆధార్‌లో ఉన్నట్టు పెట్టమన్నాడు.

ఇక జాయింట్ డిక్లరేషన్, అంటే తప్పు దిద్దమని ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే అర్జీ. రెండు నిలువు గడులుంటాయి: రికార్డులో తప్పుగా ఉన్నది ఒక పక్క, ఉండాల్సింది ఇంకో పక్క. కింద ఉద్యోగి సంతకం, యజమాని సంతకం, సీలు. కంపెనీ పూర్తిగా మూతపడి ఉంటే బ్యాంకు మేనేజరో, గెజిటెడ్ అధికారో ధ్రువీకరించే దారి ఒకటుంది. మా కంపెనీ మూతపడలేదు, చేతులు మారింది. కాబట్టి ఆ దారి నాకు లేదు. మూతపడ్డా బాగుండేదని ఒక ఉద్యోగం ఇచ్చిన కంపెనీ గురించి అనుకోవాల్సి వచ్చింది.

అన్నీ కొరియర్‌లో హైదరాబాద్ పంపాను. తర్వాత నిశ్శబ్దం. సంతకం చేసే అధికారి లీవు. తర్వాత ఆ అధికారి మారారు. తర్వాత సీలు ప్లాంటులో ఉందా, హెడ్డాఫీసులో ఉందా అని వెతుకులాట. ఈలోపు ఏప్రిల్ అయిపోయింది, మేస్త్రీ తొందరపెడుతున్నాడు. నా గాజులు, గొలుసు గోల్డ్‌లోన్‌లో పెట్టి స్లాబు వేయించాం. నా డబ్బు ఒకచోట 8.25 శాతం వడ్డీ సంపాదిస్తూ కూర్చుంది, నేను అంతకంటే ఎక్కువ వడ్డీకి నా బంగారం తాకట్టు పెట్టి అప్పు చేశాను.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఒకటి అచ్యుతాపురం స్నేహితురాలు చెప్పింది. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' అని పీఎఫ్ శిబిరం పెడతారు, ఉద్యోగులూ కంపెనీలవాళ్లూ నేరుగా వెళ్లి అధికారితో మాట్లాడొచ్చు. 27 సెలవైతే తర్వాతి పనిరోజున. వెళ్లాను. నాలాంటివాళ్లే ఎక్కువ. ఒకాయనకి పుట్టిన తేదీ తేడా. ఒకామెకి భర్త పోయారు, ఆయన ఖాతాలో నామినీ లేదు, వాళ్ల కాగితాలు చూస్తే నావి నయం అనిపించింది. అధికారి నా కాగితాలు వరసగా తిరగేసి, "ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. ఇది యజమాని చేయాల్సిన పని, వాళ్లకి రాస్తాం" అన్నారు. నేను రాసిన అన్ని మెయిళ్లూ చేయలేని పని కంపెనీ కోడ్ నంబరు వేసి పంపిన ఆ ఉత్తరం చేసింది. సీలు దొరికింది. సంతకమూ పడింది.

పేరు మారాక మిగతావి చకచకా అయ్యాయి. ఆధార్ లింకైంది. నేను మానేసిన తేదీ ఖాళీగా ఉంది, కంపెనీ వేయలేదు. అది లేనిదే క్లెయిమ్ వెళ్లదు. కానీ ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీ మనమే 'మార్క్ ఎగ్జిట్'లో వేసుకోవచ్చు, ఆధార్ ఓటీపీతో. ఆఖరి చందా పడిన నెలలోని తేదీనే తీసుకుంటుంది, కాబట్టి రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకుని చూసుకోండి.

బ్యాంకు వివరాల్లో ఇంకో పాత సామాను బయటపడింది. నా జీతం ఖాతా ఆంధ్రా బ్యాంకుది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏఎన్‌డీబీ అని మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే పీఎఫ్‌లో ఉంది. అలాగే క్లెయిమ్ పెడితే డబ్బు వెనక్కి వస్తుంది. కొత్త కోడ్ వేశాం. 2025 ఏప్రిల్ నుంచి చెక్కు ఫొటో అప్‌లోడ్ చేయక్కర్లేదు, బ్యాంకు ఖాతాకి కంపెనీ ఆమోదమూ అక్కర్లేదు. నెట్ సెంటర్ కుర్రాడు అలవాటుగా చెక్కు అడిగాడు. తీసుకెళ్లలేదని చెబితే నమ్మకం లేకుండానే బటన్ నొక్కాడు, వెళ్లిపోయింది.

క్లెయిమ్ దగ్గర ఒక్క విషయంలో మాత్రం నెట్ సెంటర్లని గుడ్డిగా నమ్మొద్దు. వాళ్లు ఫారం 19, ఫారం 10సీ రెండూ డబ్బు కోసమే పెట్టేస్తారు. 19 పీఎఫ్ డబ్బుకి. నాకు ఐదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి టీడీఎస్ లేదు. 10సీ పెన్షన్ భాగానికి. సర్వీసు పదేళ్లు నిండకపోతే ఆ డబ్బు తీసేసుకోవచ్చు, లేదంటే అదే ఫారంలో స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. సర్టిఫికెట్ తీసుకుంటే ఈ ఐదేళ్లు పోవు. రేపు ఇంకో ఉద్యోగంలో చేరితే దానికి కలుస్తాయి, మొత్తం పదేళ్లయితే 58 ఏళ్ల నుంచి పెన్షన్ వస్తుంది. బాబు పెద్దవాడవుతున్నాడు, నేను మళ్లీ ల్యాబ్‌కి వెళ్దామనుకుంటున్నాను. అందుకని సర్టిఫికెట్ అడిగాను. కుర్రాడు "డబ్బు ఎవరైనా వదులుకుంటారా అక్కా" అని వింతగా చూశాడు.

పీఎఫ్ డబ్బు ఖాతాలో పడ్డాక నేరుగా వెళ్లి బంగారం విడిపించుకున్నాను. కట్టిన వడ్డీ రసీదు ఆ ఫైల్లోనే పెట్టాను. నోటరీ ఖర్చు, కొరియర్లు, మేనత్త ఆటో చార్జీ, అన్నీ నావే. ఇంటిపేరు మింగేసిన గుమస్తాకి గానీ, పన్నెండేళ్లు దాన్ని చూసుకోని కంపెనీకి గానీ ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. దిద్దే భారం తప్పు చేసినవాళ్ల మీద పెట్టే రూలు ఒక్కటి ఉంటే, చేరిన రోజునే స్పెల్లింగు రెండుసార్లు చూసుకునేవాళ్లు.

ఈ సంగతి మా పాత ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాక ఫోన్లు మొదలయ్యాయి. ఆ రోజుల్లో చేరిన మా బ్యాచ్‌లో చాలామందికి ఇవే ఇనీషియళ్లు, ఒకరికైతే తండ్రి పేరు గడిలో భర్త పేరు ఉంది. జాయింట్ డిక్లరేషన్ నింపిన కాపీ, అఫిడవిట్ నమూనా గ్రూపులో పెట్టాను. విజయనగరం అమ్మాయి నంబరు మాత్రం అందరికీ ఇవ్వలేదు, పాపం ఆమె ఉద్యోగం ఉండాలి కదా. తండ్రి పేరు తప్పున్న అమ్మాయి గోపాలపట్నంలో ఉంటుంది. వచ్చే 27న శిబిరానికి తనూ నేనూ కలిసి వెళ్తున్నాం. ఈలోపు పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోమని చెప్పాను.